మీ ఇంటి ఊపు ఎంత?

2024 డిసెంబర్ 4, బుధవారం. ఉదయం ఏడున్నర కావస్తోంది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్ పన్నెండో అంతస్తులో ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగు వస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. పాలు పొంగలేదు. గిన్నెలో ఒక పక్కకు ఒరిగి, మళ్లీ ఇవతలికి వచ్చాయి. కాళ్ల కింద నేల మెత్తగా అటూ ఇటూ అయినట్టనిపించింది. దేవుడి గది తలుపుకు కట్టిన చిన్న గంటలు వాటంతట అవే మోగాయి. స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చేసరికి మా అమ్మాయి సోఫాలో బిగుసుకుపోయి కూర్చుని ఉంది.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. మలక్‌పేటలో వాళ్లది నలభై ఏళ్ల నాటి డాబా ఇల్లు. "ఏరా, ములుగులో భూకంపమట కదా, టీవీలో చెబుతున్నారు. మాకేమీ తెలియలేదు. మీకు తెలిసిందా?" అంది.

ఆ రోజు ములుగు జిల్లాలో వచ్చినది 5.3 తీవ్రత ఉన్న భూకంపం. హైదరాబాద్, విజయవాడల దాకా జనానికి తెలిసింది. అదే ఊళ్లో ఉన్న అక్క ఇల్లు కదల్లేదు, మా ఇల్లు ఊగింది. ఆ వారమంతా చుట్టాలు, స్నేహితులు ఒకటే ప్రశ్న: "పై అంతస్తులో ఫ్లాట్ కొని తప్పు చేశామా?" ఇరవై ఏళ్లకు పైగా భవనాల స్ట్రక్చరల్ డిజైన్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నన్నే అడిగారు. ఈ పుస్తకంలో ఇంతవరకు మనసులో పుట్టే భయాల గురించి మాట్లాడుకున్నాం. ఇది కాళ్ల కింది నుంచి వచ్చే భయం. దీనికి ధైర్యవచనాలు పనిచేయవు. మీ ఇంటి గురించి నాలుగు సంగతులు తెలుసుకుంటే మాత్రం సగం భయం పోతుంది, మిగతా సగం చేయాల్సిన పనిగా మారుతుంది.

మూడు పుల్లలు, ఒక బంగాళాదుంప

చదవడం ఆపి ముందు ఈ పని చేయండి. పిల్లలుంటే వాళ్లనూ పిలవండి. కొబ్బరి చీపురు లోంచి మూడు పుల్లలు తీయండి. ఒకటి బెత్తెడు, ఒకటి జానెడు, ఒకటి మూరెడు ఉండేలా తుంచండి. ఒకే సైజులో మూడు చపాతీ పిండి ఉండలు చేసి పుల్లల కొసలకు గుచ్చండి. పెద్ద బంగాళాదుంపను సగానికి కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా బల్ల మీద పెట్టి, వీపు మీద మూడు పుల్లలనూ వరసగా నిలబెట్టండి.

ఇప్పుడు దుంపను పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ జరపండి. మూరెడు పుల్ల తల ఊపుతుంది. మిగతా రెండూ దుంపతో పాటు వెళ్లి, దుంపతో పాటు వస్తాయి. కొంచెం వేగం పెంచండి. జానెడు పుల్లకు పూనకం వస్తుంది. ఇంకా వేగంగా, చెయ్యి వణుకుతున్నట్టు జరపండి. ఇప్పుడు బెత్తెడు పుల్ల వంతు. మూరెడు పుల్ల కొసన ఉన్న పిండి ఉండ మాత్రం దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది, పుల్ల నడుము ఒక్కటే వణుకుతుంది.

ఆ సాయంత్రం మా అమ్మాయితో ఇదే చేయించాను. "నాన్నా, పెద్దది ఆగిపోయింది!" అని అరిచింది. ఎంత గట్టిగా కదిపితే అన్నీ అంత ఎక్కువగా ఊగాలని తను అనుకుంది. చాలామంది పెద్దవాళ్లు అనుకునేదీ అదే.

ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఒకసారి అటు వెళ్లి, ఇటు వచ్చి, మొదటి చోటికి చేరడానికి పట్టే సమయం అది. మోటు లెక్కలో పది అంతస్తులకు ఒక సెకను అనుకోండి. ముప్పై అంతస్తుల టవర్‌కు రెండు నుంచి మూడు సెకన్లు. అక్క వాళ్ల డాబా ఇంటికి సెకనులో పదో వంతో, కాస్త ఎక్కువో. ఉయ్యాల ఊపేటప్పుడు బిడ్డ వెనక్కి వచ్చిన క్షణానే వేలితో తోసినా చాలు, ఊపు పెరుగుతూ పోతుంది. తప్పు సమయంలో రెండు చేతులతో తోసినా ఉయ్యాల తడబడి ఆగుతుంది. నేలకూ భవనానికీ మధ్య జరిగేది ఇదే.

భూకంపం వచ్చినప్పుడు నేల ఒకే తీరున కదలదు. చకచకా కొట్టుకునే అలలు, తాపీగా సాగే అలలు అన్నీ కలిసి వస్తాయి. వేగంగా కొట్టుకునేవి దూరం పోయేకొద్దీ అణగారిపోతాయి. తాపీ అలలు చాలా దూరం నడుస్తాయి. అవతలి వీధిలో పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే సన్నాయి వినపడకపోయినా డోలు దెబ్బ వినపడుతుంది చూడండి, అలాగన్నమాట. ములుగు నుంచి హైదరాబాద్ వచ్చేసరికి అక్క ఇంటిని కదిపే సన్నాయి ఆగిపోయింది, మా టవర్‌ను కదిపే డోలు మిగిలింది.

ఇందుకు అతి పెద్ద ఉదాహరణ జపాన్‌లో ఉంది. 2011 మార్చి 11న ఈశాన్య తీరంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడికి సుమారు 770 కిలోమీటర్ల దూరంలో, ఒసాకాలో, 256 మీటర్ల ఎత్తున్న ప్రభుత్వ కార్యాలయ భవనం ఉంది. దాని సొంత ఊపు దాదాపు ఆరున్నర సెకన్లు. కింద రోడ్డు మీద నడిచేవాళ్లకు పెద్దగా తెలియని కదలికకు ఆ భవనం పైకొస ఒక్కో పక్కకు మీటరుకు పైగా ఊగింది. పది నిమిషాల పాటు ఊగింది. లోపలి పలకలు ఊడాయి, లిఫ్టుల్లో జనం చిక్కుకుపోయారు. భవనం నిలబడింది.

అందుకే మా వాళ్లకు మొదట చెప్పే మాట: ఇల్లు ఊగడం వేరు, కూలడం వేరు. ఎత్తైన భవనం ఊగాలి. ఊగడానికే దాన్ని డిజైన్ చేస్తాం. మూడు మీటర్ల అంతస్తు ఒకటి, లెక్కలోకి తీసుకున్న భూకంప బలానికి, తన కింది అంతస్తు కన్నా 12 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరగకూడదని మన దేశపు కోడ్, అంటే భూకంపాలకు తట్టుకునేలా భవనాలు ఎలా డిజైన్ చేయాలో చెప్పే నియమావళి, హద్దు పెట్టింది. హద్దు పెట్టిందంటే అంతవరకు జరగడానికి ఒప్పుకున్నట్టే కదా.

చెరువు మీద కట్టిన ఊరు

మరి కూలేవి ఎందుకు కూలుతున్నాయి? మెక్సికో నగరం కథ వినాలి.

1985 సెప్టెంబర్ 19, ఉదయం 7 గంటల 17 నిమిషాలకు పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో భూమి కంపించింది. మెక్సికో నగరం అక్కడికి 350 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంత దూరంలో ఏమవుతుందిలే అనుకోవాలి. కానీ ఆ నగరం నడిబొడ్డు ఒకప్పటి తెష్కోకో సరస్సు. నీళ్లు పోయాక మిగిలిన మెత్తటి బంకమట్టి మీదే ఊరు పెరిగింది. గిన్నెలో గడ్డపెరుగును ఒకసారి తట్టి చూడండి, గిన్నె ఆగిపోయాక కూడా పెరుగు కదులుతూనే ఉంటుంది. ఆ బంకమట్టి అలాగే కదిలింది. అదీ ఒకే లయలో, రెండు సెకన్లకు ఒకసారి, మళ్లీ మళ్లీ.

రెండు మూడు అంతస్తుల పాత ఇళ్లు చాలావరకు నిలిచాయి. 44 అంతస్తుల లాటినో-అమెరికానా టవర్, 1956లో కట్టింది, నిలబడింది. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తుల మధ్యవి. వాటి ఊపూ నేల ఊపూ కలిశాయి. పది అంతస్తుల భవనం ఊపు ఒక సెకనే కదా, రెండు సెకన్ల నేలతో ఎలా కలిసిందని మీకు అనుమానం రావాలి. భవనం పగుళ్లు తీసేకొద్దీ మెత్తబడుతుంది, మెత్తబడేకొద్దీ దాని ఊపు సాగుతుంది. ఒక సెకనుతో మొదలైనది ఒకటిన్నరకు, ఆపైన రెండుకు దగ్గరవుతుంది. నేల అక్కడే కాచుకుని ఉంది. పక్కపక్కనే ఖాళీ లేకుండా కట్టిన భవనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి కూడా. వేలమంది చనిపోయారు.

సరిగ్గా 32 ఏళ్లకు, 2017లో, అదే సెప్టెంబర్ 19న ఆ నగరానికి ఇంకా దగ్గర్లో 7.1 తీవ్రతతో మరో భూకంపం వచ్చింది. ఈసారి అలలు చురుగ్గా ఉన్నాయి, దెబ్బ ఇంకా పొట్టి భవనాల మీదికి జరిగింది. 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 తీవ్రతతో నేల కదిలితే, వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో మేడల మీది ఈతకొలనుల నీళ్లు జలపాతాల్లా కిందికి దూకాయి. బ్యాంకాక్ కూడా మెత్తటి బంకమట్టి మీది ఊరే. అక్కడ నిర్మాణంలో ఉన్న ముప్పైకి పైగా అంతస్తుల భవనం ఒకటి కుప్పకూలింది. జనం కాపురముంటున్న వందలాది టవర్లు ఊగి, పగుళ్లు తీసి, నిలిచాయి.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్ అడుగున బండ ఉంది. 2002 నాటి భూకంప మ్యాపులో అది రెండో జోన్, విజయవాడ మూడో జోన్. లెక్కల్లో ఆ జోన్లకు 0.10, 0.16 అనే అంకెలు వాడతాం. నేల మెత్తనైతే, ఎత్తైన భవనానికి బండ మీద కన్నా 1.67 రెట్లు బలం లెక్కకట్టమని కోడ్ చెబుతుంది. రెండూ గుణించి చూడండి. హైదరాబాద్‌లో బండ మీద నిలబెట్టిన టవర్‌నే తీసుకెళ్లి విజయవాడలో కృష్ణ ఒడ్డున మెత్తటి ఒండ్రు మీద పెడితే, దాన్ని రెండున్నర రెట్లకు పైగా పక్కబలానికి డిజైన్ చేయాలి. హైదరాబాద్‌లో కూడా పూడ్చిన చెరువుల మీద లేచిన కాలనీలున్నాయి. మన చెరువుల అడుగున ఆ సరస్సు కింద ఉన్నంత మందాన మెత్తటి మట్టి ఉండదు, నిజమే. అయినా పునాది బండదాకా దిగిందా, పూడిక మట్టిలోనే ఆగిందా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

పైకి కాదు, కిందికి చూడండి

ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు అందరం ఏం చేస్తాం? లిఫ్టెక్కి పైకెళ్తాం. బాల్కనీలోంచి వ్యూ చూస్తాం. నేను నా మనుషులతో వెళ్తే ముందు పార్కింగ్‌లోకి తీసుకెళ్తాను.

2001 జనవరి 26 గణతంత్ర దినోత్సవం. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు భుజ్ దగ్గర 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో డజన్లకొద్దీ అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటిది ఒకటే పోలిక: పైన అంతస్తులన్నిటా ఇటుక గోడలు, కింద కార్ల కోసం ఒట్టి పిల్లర్లు. పైభాగమంతా గోడల వల్ల ఒక పెట్టెలా గట్టిగా ఉంటుంది. నేల పక్కకు కదిలితే ఆ పెట్టె వంగదు. వంగాల్సిన వంపంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. సన్నటి కాళ్ల మీద బరువైన ధాన్యపు గాదె నిలబడ్డట్టు ఊహించుకోండి. కొన్నిచోట్ల పై అంతస్తులు చెక్కుచెదరకుండా అలాగే దిగి, పార్కింగ్ అంతస్తు మాయమైంది.

ఆ మరుసటి ఏడాది సవరించిన కోడ్‌లో, ఇలా తెరిచి ఉంచిన అంతస్తు పిల్లర్లను రెండున్నర రెట్ల బలానికి డిజైన్ చేయాలని నియమం పెట్టారు. లేదంటే పార్కింగ్‌లోనూ కాంక్రీట్ గోడలు, అంటే షియర్ వాల్స్, నేల నుంచి పైదాకా తెగకుండా వెళ్లాలి. కొత్త టవర్లలో లిఫ్టుల చుట్టూ కనిపించే మందపాటి గోడలు ఇవే. మీది 2002కు ముందు కట్టిన, కింద ఒట్టి పిల్లర్లున్న అపార్ట్‌మెంట్ అయితే బెంగపడి అమ్ముకోనక్కర్లేదు. అసోసియేషన్ తరఫున స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించండి. పిల్లర్లకు కాంక్రీట్ తొడుగు వేయడం, కార్లకు అడ్డం రానిచోట గోడలు లేపడం లాంటి మార్గాలున్నాయి.

ఇంకొక వస్తువు దగ్గర ఆగాలి. దాని ధర భవనం మొత్తంలో లెక్కలోకి రానంత తక్కువ. పిల్లర్‌లోని నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగు. బార్ బెండర్ 8 ఎంఎం రాడ్‌ను చతురస్రంగా వంచుతాడు, చివర రెండు కొసలు మిగులుతాయి. ఆ కొసలను లంబకోణంలో మడిచి వదిలేస్తే పని తేలిక, చూడ్డానికీ బాగుంటుంది. భూకంపంలో పిల్లర్ పైపెచ్చు రాలిందో, ఆ కొసలు తెరుచుకుంటాయి, రింగు విడిపోతుంది, లోపలి కాంక్రీట్ పిండిలా బయటికి జారుతుంది. అదే కొసలను ఇంకొంచెం వంచి, 135 డిగ్రీల కొక్కెంలా పిల్లర్ కడుపులోకి దించితే, పెచ్చు రాలినా రింగు వదలదు. కోడ్ అడిగేది ఈ కొక్కేన్నే. నేను సైట్‌కు వెళ్తే మొదట చూసేది అదే. ఒకసారి ఒక బార్ బెండర్ "సార్, నలభై ఐదు డిగ్రీలు ఎక్కువ వంచితే ఏమొస్తది?" అని అడిగాడు. కాంక్రీట్ పోయకముందు ఆ పిల్లర్ దగ్గరే కూర్చుని పది నిమిషాలు చెప్పాను. తర్వాత అతనే కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు చూపించడం విన్నాను. ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు కాంక్రీట్ పోసే ముందు రోజు వెళ్లి ఆ కొసలు చూసి రండి. పోశాక చూడలేరు.

తైపే 101 భవనంలో ఊపు తగ్గించడానికి పైన వేలాడదీసిన 660 టన్నుల ఉక్కు గోళం గురించి అందరూ అడుగుతారు. ముచ్చటైనదే, ప్రధానంగా గాలుల కోసం పెట్టింది. మన అపార్ట్‌మెంట్లను కాపాడేవి మాత్రం ఆ రింగులే.

మొహమాటం పక్కన పెట్టండి

జీవితకాలం సంపాదన, పైన ఇరవై ఏళ్ల ఈఎంఐ. అంత పెట్టి కొంటూ ఈశాన్యం గురించి గంటసేపు అడుగుతాం, టైల్స్ రంగు గురించి వాదిస్తాం. నేల గురించి అడగాలంటే మాత్రం మొహమాటం. "మనకేం తెలుసు, వాళ్లకు తెలియదా" అనుకుంటాం. వాస్తు చూసుకోండి, వద్దనను. దాంతో పాటు బిల్డర్‌ని ఇవి కూడా అడగండి: సాయిల్ రిపోర్ట్ చూపిస్తారా? స్ట్రక్చరల్ డిజైన్ ఎవరు చేశారు, వేరే ఇంజనీర్ ఎవరైనా సరిచూశారా? షియర్ వాల్స్ ఎక్కడెక్కడ ఉన్నాయి, అవి పునాదిదాకా వెళ్లాయా? పక్క టవర్‌కూ దీనికీ మధ్య ఖాళీ ఎంత? యాభై మీటర్లు దాటిన భవనమైతే 2017లో ఎత్తైన భవనాల కోసం ప్రత్యేకంగా వచ్చిన కోడ్ పాటించారా? జవాబు అర్థం కాకపోతే కాగితాలు తీసుకుని తెలిసిన ఇంజనీర్‌కి చూపించండి. కాగితాలే ఇవ్వనంటే, అదీ ఒక జవాబే.

కొన్నాక కూడా అడగాల్సిన సందర్భాలు వస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక రోజు డ్రిల్లింగ్ చప్పుడు విని కిందికి వెళ్లాను. ఒక ఫ్లాట్‌వాళ్లు ఏసీ పైపు కోసం పిల్లర్‌కు కన్నం పెట్టిస్తున్నారు.

"నా ఫ్లాట్‌లో నేను చేయించుకుంటుంటే మీకేమండీ?" అన్నారాయన, కోపంగానే.

"గోడైతే మీ ఇష్టం సార్. ఈ పిల్లర్ మాత్రం పైన పద్నాలుగు అంతస్తులది. మీ అమ్మగారు పడుకునే గది కూడా దీని మీదే ఉంది" అన్నాను.

ఆయన పనివాణ్ని ఆగమన్నారు. అప్పటికే అంగుళం లోతు పోయింది, రాడ్ తగల్లేదు. కన్నం పూడ్పించి, పైపును పక్క గోడలోంచి తీసుకెళ్లారు. ఆరోజు నాకూ గొంతులో తడారిపోయింది. రోజూ లిఫ్టులో ఎదురుపడే మనిషితో అలా మాట్లాడటం ఎవరికైనా కష్టమే. ఇప్పుడు మా అసోసియేషన్ బోర్డు మీద ఒక కాగితం అతికించి ఉంది: పిల్లరు, బీము, స్లాబు ముట్టుకునే ముందు కమిటీకి చెప్పాలి.

ఊగుతున్నప్పుడు

ఎత్తైన భవనంలో ఊపు నిమిషాల తరబడి సాగవచ్చు. ఆ సమయమంతా మెట్ల మీదికి పరిగెత్తాలని కాళ్లు లాగుతాయి. వెళ్లకండి. ఊగే మెట్ల మీద పడి, తోపులాటలో నలిగి దెబ్బలు తగులుతాయి. లిఫ్ట్ ఎక్కనే వద్దు. బాల్కనీలోకి, గాజు తలుపుల దగ్గరికి వెళ్లొద్దు. గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోండి. బల్ల లేకపోతే లోపలి గోడ పక్కన కూర్చుని తల చేతులతో కప్పుకోండి. ఊపు ఆగాక గ్యాస్ కట్టేసి, చెప్పులు వేసుకుని (గాజుపెంకులు ఉండొచ్చు), మెట్ల మీదుగా దిగండి. పిల్లర్లు, బీముల మీద ఏటవాలు పగుళ్లు కనిపిస్తే ఇంజనీర్ చూసేదాకా లోపలికి వెళ్లొద్దు. గోడకూ బీముకూ మధ్య వచ్చే సన్నటి గీత చాలాసార్లు ప్లాస్టర్‌దే. ఒక మాట ముందే తెలిసి ఉండాలి. పెద్ద భూకంపం వస్తే భవనం దెబ్బతినకుండా ఉంటుందని కోడ్ మాట ఇవ్వదు. కూలకుండా ఉండాలి, లోపలి మనుషులు ప్రాణాలతో బయటపడాలి, అంతవరకే దాని లక్ష్యం.

ఇవన్నీ చదివితే సరిపోదు, ఒక ఆదివారం ఇంట్లో అందరూ కలిసి చేసి చూడాలి. మేం చేశాం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, బల్ల కిందికి దూరలేదు. ఆమె మంచాన్ని కిటికీ పక్క నుంచి లోపలి గోడ వైపు జరిపాం. అప్పుడే తలెత్తి చూస్తే ఇనప బీరువా మీద ఆమె పెళ్లినాటి ఇత్తడి బిందెలు రెండు, వాటి మీద ఒక సూట్‌కేసు. నా కన్ను ఏళ్ల తరబడి పిల్లర్ల మీదే ఉంది, వీటి మీద పడలేదు. బిందెలు కిందికి దించాం. బీరువాను రెండు ఎల్ క్లాంపులతో గోడకు బిగించాం. ఫ్రిజ్ మీది గాజు సీసాలు కింది అరలోకి వెళ్లాయి.

కిందటి నెల అక్క వాళ్లు మలక్‌పేట ఇల్లు అమ్మి ఫ్లాట్ తీసుకుందామని ఒక సైట్ చూడ్డానికి వెళ్లారు. పదహారు అంతస్తులు. అక్కడి నుంచే నాకు వీడియో కాల్ చేసింది. హాలు చూపిస్తుందేమో అనుకున్నాను. ఫోన్ తిప్పితే పార్కింగ్ కనిపించింది. అక్క ఒక పిల్లర్ దగ్గర నిలబడి, "ఇదిగో, లిఫ్ట్ పక్క గోడ కిందిదాకా వచ్చింది, చూడు. ఇంకో వైపు కూడా ఉందా అని అడిగితే ఆ అబ్బాయి డ్రాయింగ్ తేవడానికి వెళ్లాడు. బావ పైన ఈశాన్యం చూస్తున్నారు. నువ్వు ఫోన్ పెట్టేయకు" అంది.